పావురానికి నాలుగు సెకన్ల ఓపిక ఎందుకు లేదు?

నల్లరేగడి:
అందరికీ నమస్తే. ఒక డౌటు పట్టుకుంది, తెలిసినవాళ్లు తీర్చండి. 1972లో రాక్లిన్, గ్రీన్ అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు పావురాలతో చేసిన ప్రయోగం గురించి చదివాను. పెట్టె గోడకు రెండు రంగుల మీటలుంటాయి. ఒకదాన్ని ముక్కుతో పొడిస్తే గింజల తొట్టి వెంటనే పైకొచ్చి 2 సెకన్లు ఉంటుంది. రెండోదాన్ని పొడిస్తే 4 సెకన్లు చీకట్లో ఆగాలి, ఆ తర్వాత తొట్టి 4 సెకన్లు ఉంటుంది. చిన్నదాన్ని ఎంచుకుంటే తర్వాతి ఛాన్సు ముందే వస్తుందేమో అనుకోకండి, తిన్నాక మిగిలిన సెకన్లు లైట్లు ఆర్పేసి రెండు పక్కలా టైము సమానం చేశారు. అంటే తొందరపడితే దక్కేది సగం మేత, కలిసొచ్చే టైము సున్నా. అయినా పావురాలు దాదాపు ప్రతిసారీ చిన్నదాన్నే పొడిచాయట. ఎండనకా వాననకా గింజ గింజ ఏరుకుని బతికే పిట్టకు ఈపాటి లెక్క రాకపోతే దాని జాతి ఇన్నాళ్లు ఎలా నిలబడింది?

కోనసీమ కుర్రోడు:
అలారం మోగగానే ఇంకో పది నిమిషాలు అని ఆపేసే నాకు పావురాన్ని నిలదీసే అర్హత లేదు. కానీ టీ పెట్టుకుని కూర్చున్నా, కానివ్వండి.

స్కిన్నర్ పెట్టె:
నల్లరేగడి గారూ, మీరు చెప్పింది ఆ ప్రయోగంలో మొదటి సగం. అసలు మజా రెండో సగంలో ఉంది. అవే పావురాలకు ఒక మెట్టు ముందే ఇంకో ఎంపిక ఇచ్చారు. ఒక మీట పొడిస్తే కాసేపటికి ఆ రెండు రంగులూ వస్తాయి, ఏది కావాలో అప్పుడు తేల్చుకోవచ్చు. ఇంకో మీట పొడిస్తే కాసేపటికి పెద్దదాని రంగు ఒక్కటే వస్తుంది, చిన్నది ఇక కంటికి కనపడదు. ఆ కాసేపు అర సెకనే అయితే పావురాలు మొదటి దారే పట్టాయి, అంటే చివరికి చిన్నదే పొడిచాయి. దాన్ని 16 సెకన్లకు పెంచితే రెండో దారికి మొగ్గాయి. దూరం నుంచి చూస్తే పెద్దదే కావాలనిపిస్తుంది, ముక్కు దగ్గరికొచ్చేసరికి మనసు మారిపోతుంది.

రెండేళ్లకు, 1974లో, ఎయిన్‌స్లీ ఇంకో రకంగా చేశాడు. మీట పొడిస్తే చిన్న బహుమతి వెంటనే, పొడవకుండా ఊరుకుంటే పెద్దది కాస్త ఆగి. ఎక్కువ పావురాలు 95 శాతానికి పైగా పొడిచేశాయి. అప్పుడు ఆ మీట వెలగడానికి ముందు వేరే రంగు చూపించాడు, దాన్ని ఆ టైములో పొడిస్తే అసలు మీట రాకుండా పోతుంది. 10 పావురాల్లో 3 ఆ రంగును వదలకుండా పొడిచాయి, అంటే తమ ముక్కుకు తామే తాళం వేసుకున్నాయి. అనుకోకుండా పొడిచాయేమో అనడానికి లేదు, ఎందుకంటే పొడిచినా అసలు మీట ఆగని పద్ధతిలో పెట్టి చూస్తే అవి ఆ రంగు జోలికే పోలేదు. మిగతా 7 పావురాలు మాత్రం చివరిదాకా మారలేదు, ఈ ముక్క చాలామంది చెప్పరు.

లెక్కల మాస్టారు:
స్కిన్నర్ పెట్టె గారు చెప్పిన మనసు మారడం లెక్కలో చూపిస్తాను. 1987లో మేజుర్ ఇచ్చిన సూత్రం ప్రకారం విలువ = బహుమతి ÷ (1 + గుణకం × ఆలస్యం). గుణకం ఒక్కో జంతువుకు ఒక్కోలా ఉంటుంది, తేలిక కోసం 1 అనుకుందాం. చిన్నది ఇప్పుడే కాబట్టి 2 ÷ 1 = 2. పెద్దది 4 సెకన్లకు కాబట్టి 4 ÷ 5 = 0.8. చిన్నదే గెలిచింది. ఇప్పుడు రెండింటికీ 16 సెకన్లు కలపండి. చిన్నది 2 ÷ 17, అంటే సుమారు 0.12. పెద్దది 4 ÷ 21, అంటే సుమారు 0.19. తారుమారైపోయింది చూశారా! బ్యాంకు చక్రవడ్డీ తరహా లెక్కలో ఇలా జరగదు, అక్కడ 16 సెకన్లు రెండింటినీ ఒకే నిష్పత్తిలో తగ్గిస్తాయి కాబట్టి ముందు ఏది పెద్దదో తర్వాతా అదే పెద్దది. జంతువుల విషయంలో గీత మొదట్లో నిట్టనిలువుగా పడి తర్వాత మెల్లగా వాలుతుంది.

ఇక తొందర అంతా తెలివితక్కువే అనుకోవద్దు. చీటీ పాటలో మొదటి నెలే పాడుకునేవాడు చేతికి తక్కువ వస్తుందని తెలిసే పాడుకుంటాడు, అవసరం అలాంటిది. పైగా నడిపేవాడు మధ్యలో బోర్డు తిప్పేస్తే ఎక్కువ నష్టపోయేది చివరిదాకా ఆగినవాడే. అడవిలో బోర్డు తిప్పేసేవాళ్లు బోలెడుమంది. డేగ రావచ్చు, పక్క పిట్ట ఎగరేసుకుపోవచ్చు.

అడవిదారి:
మాస్టారూ, ఆ వాదన వినడానికి బాగుంటుంది, అంకెలు వేస్తే నిలబడదు. మీ లెక్క ప్రకారమే 4 సెకన్ల ఆలస్యానికి బహుమతి విలువ ఐదో వంతుకు పడింది. దీన్ని డేగ ఖాతాలో వెయ్యాలంటే ఆ 4 సెకన్లలో మేత చేజారిపోయే అవకాశం 80 శాతం ఉండాలి. అంత ప్రమాదకరమైన చోట పావురం నేల మీద వాలదు కదా. ముప్పు ఉంది నిజమే, సెకన్ల లెక్కన ఇంత తొందరకు అదొక్కటే చాలదు.

నాకు నచ్చిన వివరణ అమెరికాలో మిన్నెసోటాలో డేవిడ్ స్టీఫెన్స్ ఇచ్చింది. రెండు మీటలు పక్కపక్కన పెట్టి ఇదా అదా అని అడవిలో ఎవరూ అడగరు అంటాడు ఆయన. పిట్ట ముందు ఉండే ప్రశ్న ఒక్కటే, ఈ పొదలోనే ఇంకాసేపు వెతకనా, లేచి వేరే పొదకు పోనా? ఉండి తిన్నా, పోయి తిన్నా, ఆ తర్వాత మళ్లీ వెతుకులాట తప్పదు. అలాంటి చోట 'మేత ఎంత, అది దొరికేదాకా పట్టే టైము ఎంత' అని దగ్గరి లెక్క చూసుకుంటే దీర్ఘకాలంలో కూడా మంచి ఫలితమే వస్తుంది. అదే లెక్కను మీటల పెట్టెలోకి తెచ్చి వాడితే బోల్తా పడుతుంది. 2001లో ఆయన, ఆండర్సన్ కలిసి బ్లూ జే పక్షుల మీద ఈ రెండూ పోల్చారు. ఒక పద్ధతి మామూలు ఇదా అదా ఎంపిక, ఇంకోటి ఉండనా పోనా. టైములు, మేతలు రెండింట్లోనూ ఒకటే ఉండేలా చూశారు. మొదటిదాంట్లో జేలు చిన్నదానికే ఎగబడ్డాయి. రెండోదాంట్లో దాదాపు లాభమొచ్చే పద్ధతిలోనే నడుచుకున్నాయి. పక్షీ అదే, ఆకలీ అదే.

పొట్టి మిరపకాయ:
సిద్ధాంతం బాగుందండీ, కానీ పావురం తలలో దూరి చూసినట్టు మాట్లాడుతున్నారు. తిన్నాక వచ్చే చీకటి సెకన్లను అది లెక్కలో వేసుకోవట్లేదని ఎలా తెలుసు? తెలిసి కూడా ఆశ ఆపుకోలేకపోవచ్చుగా?

స్కిన్నర్ పెట్టె:
మిరపకాయ గారూ, మంచి ప్రశ్న. దీని మీద బెన్ హేడెన్ బృందం రీసస్ కోతులతో వరసగా పని చేసింది. 2013లో బ్లాంచర్డ్, పియర్సన్, హేడెన్ రాసిన పేపర్ సారాంశం ఏంటంటే బహుమతికి ముందుండే ఆలస్యం కోతికి బాగానే అర్థమవుతుంది, బహుమతి తర్వాత వచ్చే ఖాళీ మాత్రం సరిగా లెక్కకు రాదు, అది ఉందని దానికి పట్టకపోతే ఆ ప్రయోగం కొలిచేదాన్ని ఓపిక అనలేం. ఆ ఖాళీని కోతి గమనించేలా మార్చి చూస్తే ఓపిక పెరిగింది. అంతకుముందు 2010లో ఆలస్యం ఎంతో తెర మీద ముందే స్పష్టంగా చూపిస్తేనే కోతుల తొందర తగ్గిందని పియర్సన్, హేడెన్, ప్లాట్ చూపించారు. కాబట్టి 'ఆశ ఆపుకోలేకపోవడం' కథ పూర్తిగా పోలేదు గానీ దాని వాటా మనం అనుకున్నంత లేదు.

అలాగని అంతా అడిగే తీరులోనే ఉందనీ కాదు. 2001లో కేంబ్రిడ్జిలో కార్డినల్ వాళ్లు ఎలుకల మెదడులో బహుమతుల లెక్క చూసే న్యూక్లియస్ అకంబెన్స్ అనే చోటి నడిమి భాగాన్ని దెబ్బతీస్తే అవి ఆలస్యమయ్యే పెద్ద బహుమతిని వదిలేసి చిన్నదానికి మళ్లాయి. జపాన్‌లో ఒకినావాలో దోయా ల్యాబులో ఎలుకల మెదడులో సెరటోనిన్ అనే రసాయనం వదిలే కణాలను కాంతితో రెచ్చగొడితే మేత కోసం ఇంకాస్త ఎక్కువసేపు ఆగాయి. లోపల మీటలు కూడా ఉన్నాయన్నమాట.

పశువుల డాక్టరు:
ఇందులో రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీస్తాను. మా దగ్గరికొచ్చే ల్యాబ్రడార్లకు ముక్కు మీద బిస్కెట్ పెట్టి 'ఆగు' అంటే చొంగ కారుస్తూ, కళ్లు రెండూ ముక్కు మీదకు తిప్పుకుని, తోక కూడా కదపకుండా కూర్చుంటాయి. యజమాని మురిసిపోయి మా వాడికి ఎంత ఓపికో అంటాడు. అది చేసే పనిని ఆపుకోవడం, శిక్షణతో వస్తుంది, తినేస్తే తిట్లు పడతాయని కుక్కకు తెలుసు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది చిన్నదా పెద్దదా అనే ఎంపిక. దాన్ని కుక్కల్లోనో చిలకల్లోనో చూడాలంటే మార్పిడి పద్ధతి మేలు. ఆస్ట్రియాలో ఆయర్స్‌పెర్గ్ బృందం గోఫిన్ కాకటూ చిలకలకు పీకన్ గింజ ఇచ్చింది, తినకుండా ఆగి తిరిగిచ్చేస్తే జీడిపప్పు ఇస్తారు. 2013 పేపర్ అది. చిలకలకు చేతుల్లేవు, గింజను ముక్కులోనే, నాలుకకు ఆనించే పట్టుకోవాలి. అయినా కొన్ని 80 సెకన్ల దాకా ఆగాయి. మనలో ఎవరినైనా మైసూర్‌పాక్ నోట్లో పెట్టుకుని నమలకుండా అంతసేపు ఉండమనండి చూద్దాం.

ఓరుగల్లు పోరడు:
అన్నలూ, మా దిక్కు కోతుల సంగతేంది మరి? మామిడి తోటలో పడితే కాయ పండేదాకా ఆగవు. పిందెలు తెంపుతయి, ఒక్క కొరుకు కొరుకుతయి, పారేస్తయి, ఇంకోటి తెంపుతయి. ఇంకో నెలాగితే తియ్యటి పండు తినొచ్చని కోతికి తెల్వదా? చెట్టు కింద సగం కొరికిన పిందెలు చూస్తే కడుపు తరుక్కుపోతది.

అడవిదారి:
తమ్ముడూ, నెల రోజుల లెక్కకూ పైన చెప్పుకుంటున్న సెకన్ల లెక్కకూ చాలా తేడా ఉంది, రెండింటినీ ఒకే గాటన కట్టలేం. కానీ నీ తోటలో నడుస్తున్నది పోటీ. ఒక కోతి ఆగినంత మాత్రాన పండు దానికే దక్కుతుందని గ్యారంటీ లేదు, మందలో ఇంకోటి తెంపేస్తుంది, లేదా నువ్వే కోసేస్తావు. పోటీ తొందరను పెంచుతుందని కోడిపిల్లల్లో చూశారు. జపాన్‌లో హొక్కైదోలో మత్సుషిమా బృందం 2010లో చేసింది. పక్కవాటితో పోటీపడి తినే అలవాటు చేసిన కోడిపిల్లలు, తర్వాత ఒంటరిగా పరీక్షించినా సరే, ఆలస్యంగా వచ్చే పెద్ద మేత కంటే వెంటనే వచ్చే చిన్నదాన్నే ఎక్కువగా ఎంచుకున్నాయి. పోటీ అయిపోయాక కూడా తొందర పోలేదు, అదీ నాకు ఆశ్చర్యం.

కోతులకు ఆగడం రాదని మాత్రం అనకు. బాలి ద్వీపంలో ఉలువటు గుడి దగ్గర కోతులు టూరిస్టుల కళ్లద్దాలు, ఫోన్లు లాక్కుని తిండికి బేరం పెడతాయి. 2021లో వచ్చిన అధ్యయనంలో ఎదిగిన కోతులు మనుషులకు విలువైన వస్తువు ఏదో గుర్తుపట్టి దాన్నే ఎక్కువగా ఎత్తుకెళ్తున్నాయని, విలువైనది చేతిలో ఉంటే మంచి తిండి వచ్చేదాకా తేలిగ్గా వదలట్లేదని తేలింది. చిన్న కోతులకు ఈ విద్య అబ్బలేదు.

ఓరుగల్లు పోరడు:
అయితే మా కోతులకు ఇంకా ఆ సంగతి ఎవ్వలూ చెప్పకుర్రి.

స్కిన్నర్ పెట్టె:
జాతికీ జాతికీ తేడా గురించి అడవిదారి గారు చెప్తారనుకున్నా, నేనే చెప్పేస్తా. దక్షిణ అమెరికా పొట్టి కోతులు మార్మొసెట్, టామరిన్. సైజు, కుటుంబ జీవితం రెండింటివీ దగ్గరదగ్గరగా ఉంటాయి. 2005లో జెఫ్రీ స్టీవెన్స్ వాళ్లు ఇప్పుడే 2 గుళికలు, ఆగితే 6 గుళికలు అని పెట్టారు. మార్మొసెట్లు సగటున 14 సెకన్లు ఆగాయి, టామరిన్లు 8 సెకన్లే. మార్మొసెట్ చెట్టు బెరడును పళ్లతో గీరి జిగురు ఊరేదాకా చూసి తింటుంది. టామరిన్ పురుగుల వెంట పడుతుంది, ఆగితే పురుగు ఎగిరిపోతుంది. అదే ఏడాది ఆలస్యం బదులు దూరం పెట్టి చూశారు. దగ్గర్లో తక్కువ, దూరం నడిస్తే ఎక్కువ. ఈసారి టామరిన్లే ఎక్కువ దూరం పోయాయి. పురుగుల కోసం తిరగడం దాని బతుకే కదా.

పొట్టి మిరపకాయ:
ఒక్క నిమిషం. అది హార్వర్డ్‌లో మార్క్ హౌసర్ ల్యాబు పని కదూ? పరిశోధనల నిజాయితీని చూసే అమెరికా ప్రభుత్వ కార్యాలయం 2012లో ఆయన తప్పు చేశాడని తేల్చింది. ఆ అంకెలు ఎలా నమ్మాలి?

స్కిన్నర్ పెట్టె:
అడగాల్సిన ప్రశ్నే. ఆ కార్యాలయం చెప్పిన పేపర్లలో ఓపిక మీద వచ్చినవి లేవు. వెనక్కి తీసుకున్న 2002 పేపర్ టామరిన్లు శబ్దాల వరస నేర్చుకోవడం గురించి. ఓపిక పని ముందుండి నడిపింది స్టీవెన్స్, తర్వాత ఆయన వేరేచోట ఎన్నో రకాల ప్రైమేట్లను, అంటే కోతుల్నీ వాటి చుట్టాల్నీ, పోల్చి చూస్తే ఒళ్లు పెద్దదైన జాతులే ఎక్కువసేపు ఆగుతున్నాయని 2014లో రాశాడు. మీకు నమ్మకం కుదరకపోతే ఆ రెండు కోతుల కథ పక్కన పెట్టండి, పావురాలు, జేలు చాలు మన వాదనకు.

పొట్టి మిరపకాయ:
పక్కనే పెడుతున్నా. 😀 చింపాంజీలకు మనుషుల కంటే ఓపిక ఎక్కువ అని వాట్సాప్‌లో తిరిగే ముక్క కూడా ఆ బాపతేనా?

అడవిదారి:
2007లో రోసాటీ వాళ్లది అది. ఇప్పుడే 2 తినుబండారాలు, 2 నిమిషాలు ఆగితే 6. జర్మనీలో లైప్‌జిగ్‌లో చింపాంజీలు ఎక్కువసార్లు ఆగాయి, మనుషులు చాలా తక్కువసార్లు ఆగారు. ప్రయోగం నిజమే, హెడ్డింగులే ఓవర్. అవే నిబంధనలతో తిండి బదులు డబ్బు పెడితే మనుషులు బాగానే ఆగారు. బయటికెళ్తే పది రూపాయలకు దొరికే చాక్లెట్టు కోసం స్టూడెంటు 2 నిమిషాలు గోడ చూస్తూ ఎందుకు కూర్చుంటాడండీ, వాడికి వేరే పనుంది. చింపాంజీకి ఆ పూట అదే పని.

భీమవరం రొయ్య:
కోతులు, పిట్టలు సరే. మా సరుకు కోసం ఆగే జీవి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. కటిల్‌ఫిష్, ఆక్టోపస్‌కు చుట్టం! 2021లో అమెరికాలో వుడ్స్ హోల్ మెరైన్ ల్యాబులో అలెక్సాండ్రా ష్నెల్ చేసింది. తొట్టిలో రెండు గదులు. ఒక గది తలుపు వెంటనే తెరుచుకుంటుంది, లోపల చచ్చిన రొయ్య ముక్క. రెండోది ఆగితేనే తెరుచుకుంటుంది, లోపల బతికి ఎగురుతున్న గడ్డి రొయ్య, దానికి అదంటే ప్రాణం. ఏ తలుపు ఎలాంటిదో గుర్తులు పెట్టి ముందే నేర్పారు. ముక్క తింటే రొయ్య పోతుంది. 50 నుంచి 130 సెకన్ల దాకా ఆగాయి. ఎప్పటికీ తెరుచుకోని గది గుర్తు పెట్టినప్పుడు మాత్రం ఆగకుండా ముక్క తినేశాయి, అంటే ఊరికే బద్ధకించి కూర్చోలేదు. కొన్నైతే ముక్క వైపు చూడకుండా ఒళ్లు అటు తిప్పేసుకున్నాయట. గుంపు బతుకు లేదు, తిండి దాచుకునే అలవాటు లేదు, రెండేళ్లు బతికితే గొప్ప. అయినా అంత ఓపిక. ఎక్కువసేపు రంగు మార్చుకుని నక్కి ఉండి, బయటికొచ్చిన కాసేపట్లోనే మంచి వేట పట్టాలి కాబట్టి అబ్బిందేమో అని వాళ్ల ఊహ. చెరువులో చచ్చిన రొయ్యకూ బతికిన రొయ్యకూ ఉన్న తేడా నాకు బాగా తెలుసు, నేనైనా ఆగుతా.

జువాలజీ మేడం:
ఇంత మంచి చర్చ చూసి అడుగుతున్నా. మా డిగ్రీ పిల్లలతో నాటుకోళ్ల మీద చిన్న ప్రాజెక్టు చేయించాలని ఉంది. పెట్టెలు, లైట్లు, సెన్సర్లు మా వల్ల కాదు. రెండు గిన్నెలు, ఒక స్టాప్‌వాచీతో అయ్యేదేమైనా ఉందా?

పశువుల డాక్టరు:
అవుతుంది మేడం. కోళ్ల మీద ఇంగ్లండ్‌లో 2005లో అబెయసింఘె వాళ్లు చేశారు, అదే మీకు నమూనా. ఒక పక్క 2 సెకన్లు ఆగితే 3 సెకన్ల మేత, ఇంకో పక్క 6 సెకన్లు ఆగితే అంతకంటే ఎక్కువ మేత. ఆ ఎక్కువ అన్నది 7 సెకన్లే అయినప్పుడు కోళ్లు పెద్దగా ఆగలేదు, 22 సెకన్లకు పెంచితే బాగా ఆగాయి. కాబట్టి తేడా గట్టిగా కనపడేలా పెట్టండి, రెండు గింజలకు మూడు గింజలు అంటే మీకు ఏమీ తేలదు.

స్కిన్నర్ పెట్టె:
మేడం, ఇంకో జాగ్రత్త. గింజలు కళ్ల ముందు పెట్టకండి, గిన్నెలకు రంగు మూతలు వేసి రంగును బట్టే నేర్చుకోనివ్వండి. 1990లలో శాలీ బాయ్‌సెన్ చింపాంజీలతో తక్కువ మిఠాయిలున్న పళ్లేన్ని వేలితో చూపిస్తే ఎక్కువ ఇస్తానని ఆట పెట్టింది. మిఠాయిలు కనపడుతుంటే వేలు ఎక్కువ వైపే పోయేది. వాటి బదులు అవి ముందే నేర్చుకున్న అంకెలు పెడితే సరిగ్గా తక్కువనే చూపించాయి. తిండి కళ్ల ముందుంటే మీరు కొలవాలనుకున్నది కొలవలేరు. ఇంకోటి, పొద్దున్నే బాగా మేసి వచ్చిన కోడికీ, మేత ఆపిన కోడికీ తేడా రావచ్చు. ల్యాబు పావురాలను మామూలు బరువులో 80 శాతానికి తగ్గించి ఉంచుతారు, మీరలా మాడ్చక్కర్లేదు గానీ రోజూ ఒకే టైముకు చేయించండి.

ఓరుగల్లు పోరడు:
మేడం, పిల్లలకోడిని మాత్రం పెట్టకుర్రి. గింజ కనపడితే తను తినదు, కొక్కొక్క అని పిల్లల్ని పిలుస్తది, మీ స్టాప్‌వాచీ లెక్కంత ఖరాబ్ అయితది.

జువాలజీ మేడం:
మూతల ఐడియా బాగుంది, పెట్టల్నే తీసుకుంటాం, పిల్లలకోడి వద్దు. ఒక్కో కోడిని విడిగా చూడాలా, గుంపులో చూస్తే చాలా?

అడవిదారి:
విడిగానే చూడండి మేడం. పైన కోడిపిల్లల పోటీ గురించి రాశాను కదా, గుంపులో పెడితే ప్రతి కోడీ తొందరపడుతుంది. ఓపిక ఉంటే సగం కోళ్లను వారం పాటు ఒకే గిన్నెలో కలిపి మేపి, మిగతా సగాన్ని విడివిడిగా మేపి, తర్వాత అన్నింటినీ ఒంటరిగా పరీక్షించండి. అంకెలొచ్చాక ఇక్కడే పెట్టండి, మాస్టారు గీత గీస్తారు.

లెక్కల మాస్టారు:
గీస్తా. ఏ కోడి ఏ రోజు ఏ గిన్నె ఎంచుకుందో విడివిడిగా రాసి ఉంచండి, సగటు ఒక్కటే పంపితే ఎందుకూ పనికిరాదు.